అడ్డముగా పరుండిన సీసా

మన యూళ్లలో 'వైన్స్' అని పెద్ద యక్షరములతో పలక వ్రేలాడు అంగడి లేని వీథి యరుదు. ఆ యంగడిలో బ్రాందీ దొరకును, విస్కీ దొరకును, బీరు దొరకును. వైను మాత్రము వెదకినను దొరకుట కష్టము. పేరొకటి, సరకొకటి. తరగతిలో శబ్దార్థసంబంధమును బోధించునపుడు మేము ఈ యుదాహరణమును హాస్యమునకై చెప్పుట కలదు. పిల్లలు నవ్వుదురు, మేమును నవ్వుదుము. ఆ నవ్వునకు మూల్యమును గత మాఘమాసమున నాసిక్‌లో చెల్లింపవలసివచ్చినది.

మా తల్లిగారికి డెబ్బదియేండ్లు సమీపించుచున్నవి. గోదావరి పుట్టినచోట ఒక్క మునుక వేయవలెనని ఆమెకు చిరకాలపు కోరిక. రాజమహేంద్రవరమున సముద్రమువలె విరిసియుండు ఆ నది త్ర్యంబకమున కుశావర్తమను చిన్న కుండములో అణగియుండుట చూచి, "ఇంతేనా అబ్బయా!" అని చాలసేపు మెట్లమీదనే కూర్చుండిరి. మఱునాడు తిరుగు ప్రయాణము. ఈలోపల మా పూర్వశిష్యుడొకడు వచ్చి, "అయ్యవారూ, ఇంత దూరం వచ్చి నా పని చూడకుండా పోకూడదు" అని పట్టుపట్టెను. సూక్ష్మజీవశాస్త్రమున పట్టము పొంది, గంగాపూరు జలాశయము చేరువనున్న యొక ద్రాక్షతోటలో వాడు ఉద్యోగము చేయుచున్నాడు. వాని పని వైను చేయుట. మా తల్లిగారితో మేము 'ద్రాక్షతోట' అనియే చెప్పితిమి. అది యసత్యము కాదు. పూర్తి సత్యమును కాదు.

ఈ జంకునకు కారణమును చదువరులకు విన్నవింపవలెను. మేము నెల్లూరు మండలములోని యొక పల్లెలో పుట్టితిమి. మా తండ్రిగారు కౌలుసేద్యము చేసిన కష్టజీవి. పగలు నాగలి, రాత్రి సారా. బియ్యము కొనుటకు పొరుగూరు పోవలసిన ఆ పల్లెలో సారా పొట్లములు గడప యొద్దకు నడచివచ్చెడివి. 1992లో, మాకు పండ్రెండేండ్ల ప్రాయమున, అక్షరాస్యతోద్యమపు రాత్రిబడి మా వీథికి వచ్చెను. మా తల్లిగారు మా పలకనే యెరువు తీసికొని అక్షరములు దిద్దిరి. ఆ వాచకములో సారా వలన చితికిన సంసారమును గూర్చిన పాఠముండెను. అట్టి పాఠములు చదివిన దూబగుంట స్త్రీలు రోశమ్మగారు మున్నగువారి చొరవతో తమ యూరి సారా యంగడిని మూయించిరి. ఆ వార్త ఊరూర ప్రాకెను. మా యూరి యంగడి ముందు పొట్లములను కొడవలితో చీల్చినవారిలో మా తల్లిగారొకరు. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. మా తండ్రిగారు ఇవేవియు చూడలేదు. 1993 వేసవిలోనే కడుపుబ్బి కన్నుమూసిరి.

అదే నెల్లూరు మండలమున కవికోకిల దువ్వూరి రామిరెడ్డిగారు సేద్యము చేసిన చేతితోనే ఉమర్ ఖయ్యాము రుబాయీలను 'పానశాల'గా తెలిగించిరి. ఆ పద్యములను మేము తరగతిలో ఎన్నియో మార్లు పారవశ్యముతో చదివితిమి. ఒకే నేల పానశాలను కన్నది. అంగళ్లను మూయించిన స్త్రీలనును కన్నది. ఈ రెంటిని మేము మనస్సున వేఱ్వేఱు గదులలో దాచుకొంటిమి. నడిమి తలుపును తెఱచి చూచినవారము కాము.

తోట మిక్కిలి యందముగా నుండెను. తీగెలను మన బీరపందిళ్లవలె పైకప్పుగా గాక, కంచెవలె వరుసలుగా ఇనుపతీగెలమీద నిలువున ప్రాకించిరి. శీతలదేశములలో ద్రాక్ష చలికాలమున ఆకు రాల్చి నిద్రించును. ఇచ్చట దానికి ఆ నిద్ర లేదు. కావున ఏటికి రెండు మార్లు కత్తిరింతురు: ఏప్రిలులో కొమ్మ గట్టిపడుటకు, సెప్టెంబరు అక్టోబరులలో కాపు పట్టుటకు. జనవరినుండి మార్చివరకు కోత. వైను ద్రాక్ష మనము తిను ద్రాక్ష కాదు. పండు చిన్నది, తోలు మందము, లోపల గింజలు. శిష్యుడు ఒక పండును చిదిమి, దాని చుక్కను చేతిలోని చిన్న పనిముట్టు గాజుమీద నిడి, వెలుతురువైపు చూడుమనెను. లోపల నీలిరంగునకును తెలుపునకును నడుమ గీత 23 అను అంకెయొద్ద నిలిచియుండెను. నూరు పాళ్ల రసములో రమారమి 23 పాళ్లు చక్కెరయని దాని యర్థము. ఆ చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు గాలిని విడుచును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెరకు నూటికొక పాలు ఆల్కహాలు పుట్టునట. ఈ లెక్కను వైనులో అది 12, 13 పాళ్లు. మన యంగళ్ల విస్కీలో 42 పైచిలుకు. తెల్లవైనునకు రసమును మాత్రమే పులియబెట్టుదురు. ఎఱ్ఱవైనునకు తోళ్లతో సహా. ఎఱుపంతయు తోలుదే. ఒకనాడు సవర్ణదీర్ఘసంధి చెప్పలేక బల్లమీద నిలుచున్న బాలుడు ఇన్ని సంగతులు చెప్పుచుండగా మేము శిష్యులమై నోరు తెఱచి వింటిమి.

పిదప రుచి చూచు గదికి కొనిపోయెను. నాసిక్ ప్రాంతమున ఈ వేడుక క్రొత్తది. సూలా అను సంస్థ 2000లో తన తొలి వైనును వెలువరించి, 2005లో అతిథులకు రుచి చూపు గదిని తెఱచెను. ఇప్పుడు ఇట్టి తోటలు పెక్కు కలవు. సెలవు వచ్చినచో ముంబయి, పూనాల నుండి కార్లు బారులు తీరును. మేము చూచిన గదిలో చెక్కబల్లలు, పూలు, మెత్తని యాసనములు, కిటికీలనుండి జలాశయపు గాలి. వెలుపల పచ్చికమీద తివాసులు పఱచి, రొట్టెయు జున్నును ముందిడుకొని, పిల్లలతో సహా కుటుంబములు కూర్చుండియుండెను. మాకు కౌటిల్యుడు జ్ఞప్తికి వచ్చెను. అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణములో పానగృహములకు పెక్కు గదులు, వేఱ్వేఱు శయ్యాసనములు, గంధము, పూలు, నీరు, ఋతువునకు తగిన సుఖము ఉండవలెనని ఆయన విధించెను. ద్రాక్షరసపు మద్యమునకు 'మధు' వనియు, దేశమును బట్టి కాపిశాయనము, హారహూరకము అనియు పేర్లు చెప్పెను. కాపిశాయన శబ్దమునకు పాణిని సూత్రమే కలదు. దేశము పేరుతో వైనును పిలుచుట పరాసువారి సొత్తని తలచుచుంటిమి గదా! ఇట్లు పాండిత్యము మాకొక ముసుగు వేసెను. ఆ ముసుగులో మేము గ్లాసును అందుకొంటిమి.

గ్లాసును కాడయొద్ద పట్టుకొని, తెల్లకాగితము మీదికి వంచి రంగు చూడవలెను. చుట్టు త్రిప్పి వాసన చూడవలెను. ఒక గుక్కను నాలుక యంతట పారనీయవలెను. తరువాత? "ఉమ్మేయాలి అయ్యవారూ" అని శిష్యుడు ప్రక్కనున్న పాత్రను చూపెను. పరీక్షకులు మ్రింగరు, మ్రింగినచో పదవ గ్లాసునకు నాలుక పనికిరాదు. ఆరేండ్లుగా తానొక్క గుక్కయు మ్రింగలేదని వాడు చెప్పెను. వాని తండ్రియు మా తండ్రిగారు పోయిన దారినే పోయెను. కావున ఆ మాట నమ్మితిమి. అతిథులలో మాత్రము ఉమ్మివేసినవారెవ్వరును మాకు కానరాలేదు.

గ్లాసును ముక్కునొద్దకు తెచ్చితిమి. జామపండు, పచ్చిమామిడి, తడిసిన గడ్డి. మా తండ్రిగారి కండువాలోని కమురు వాసన అందులో లేదు. అదియే మమ్ము కలవరపెట్టినది. ఆ వాసన వచ్చియున్నచో గ్లాసును విసరివేయుట సులభము. రాలేదు కావున త్రాగవలెనని కోరిక పుట్టెను. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది. దాచుట అంతకంటె సిగ్గు. తలయెత్తి చూచితిమి. గుమ్మమునొద్ద మా తల్లిగారు నిలుచుండిరి. పలకలు చదువుట ఆమె 1992లోనే నేర్చుకొన్నారు. 'వైన్' అను మాట మన యూళ్లలో ప్రతి వీథిలోను వ్రేలాడుచునే యున్నది. అది యింగ్లీషున నున్నను ఆమెకు రూపము తెలియును.

"ద్రాక్షతోట అంటివే, అబ్బయా" అనిరి. అంతియే.

గ్లాసు బల్లమీద పెట్టితిమి. అది యింద్రియనిగ్రహము కాదు, తల్లి భయము. ఆమె రాకుండిన యెడల త్రాగియుందుము.

శిష్యుని ముఖము వెలవెలబోయెను. వాడు మాట మార్చుటకై మమ్ము నేలమాళిగకు కొనిపోయెను. చలువగా, చీకటిగా నుండెను. ఓకు చెక్క పీపాలు, ఒక్కొక్కటి 225 లీటర్లవి, వరుసలుగా నుండెను. గోడ పొడవున వందలకొలది సీసాలు అడ్డముగా పరుండియుండెను. "వీటిని ఎందుకు నాయనా పండబెట్టినారు?" అని మా తల్లిగారడిగిరి. "బెండు బిరడా తడిగా ఉండాలవ్వా. నిలబెడితే ఎండి సందిస్తుంది, గాలి దూరి సరుకు చెడిపోతుంది" అని వాడు చెప్పెను. ఆమె తల పంకించిరి. పిదప మెల్లగా వాడు మావైపు తిరిగి, "నా పని తప్పంటారా, అయ్యవారూ?" అనెను. ఇరువదియేండ్లుగా ప్రశ్నలకు జవాబులు చెప్పుటయే మా జీవనము. ఆ ప్రశ్నకు మాత్రము మాయొద్ద జవాబు లేకపోయెను.

మధ్యాహ్నము తోట యంచున మామిడిచెట్టు క్రింద మా తల్లిగారు పులిహోర మూట విప్పిరి. కార్తికము కాదు, ఉసిరిచెట్టు లేదు. ఐనను అది వనభోజనమే. ఆ చెట్టు క్రిందనే ద్రాక్ష కోయు స్త్రీలు జొన్నరొట్టె, మిరపకాయ నూరిన కారముతో తినుచుండిరి. ఆమెకు మరాఠీ రాదు. వారికి తెలుగు రాదు. పులిహోర అటు పోయెను, రొట్టె ఇటు వచ్చెను. శిష్యుడు దుబాసియయ్యెను. మా తల్లిగారి తొలి ప్రశ్న: "మీ మగవాళ్లు తాగుతారా?" స్త్రీలు నవ్విరి. ఆ నవ్వును దుబాసి తెలిగింపనక్కఱ లేకపోయెను. రెండవ ప్రశ్న కూలిని గూర్చి. మాళిగలోని నడితరపు సీసా యొక్కదాని వెల వారి రెండు దినముల కూలికి మించినదని తేలెను.

అప్పుడు వారిలో నడివయస్సు స్త్రీ యొక సంగతి చెప్పెను. మహారాష్ట్రలో ఒక నిబంధన కలదు. గ్రామమందలి స్త్రీ వోటర్లలో నాలుగవవంతు అర్జీ పెట్టుకొన్నచో, మద్యపు అంగడిని గూర్చి వోటు జరుపుదురు. వోటు కాగితముమీద రెండు బొమ్మలు: నిలుచున్న సీసా, అడ్డముగా పరుండిన సీసా. మొత్తము స్త్రీ వోటర్లలో సగమునకు మించి అడ్డసీసాకు వోటు వేసినచో అంగడి మూతపడును. ఆమె పుట్టినింటి యూర అట్టి వోటు జరిగెను. కొద్దిలో తప్పిపోయెను. వచ్చినవారిలో సగము చాలదు. ఊరి స్త్రీలందఱిలో సగము కావలెను. చెఱకు కోతకు వలసపోయిన ప్రతి స్త్రీయు నిలుచున్న సీసాకు వోటు వేసినట్లే యయ్యెను. "మళ్లీ పెట్టమను" అని మా తల్లిగారనిరి. "పెడతాం" అని ఆమె యనెను.

ఒకే తోటలో ఒక గంట వ్యవధిలో మేము రెండు అడ్డసీసాలను గూర్చి వింటిమి. ఒకటి సరకు చెడకుండుటకు పరుండినది; ఒకటి సంసారము చెడకుండుటకు పరుండబెట్టవలసినది. పచ్చికమీద త్రాగినచో దానిని అభిరుచి యందుము. గోడ ప్రక్క త్రాగినచో వ్యసన మందుము. కాలేయము ఈ భేదము నెఱుగదు. ఆల్కహాలుగల పానీయములు కేన్సరు కారకములని 1988లోనే ప్రపంచారోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థ తేల్చెను. అది ద్రాక్షదా, చెఱకుమడ్డిదా యని విచారింపలేదు.

బస్సెక్కునపుడు శిష్యుడు మా పాదములంటెను. మేము ఏదో సంస్కృతాశీర్వచనము గొణిగితిమి. మా తల్లిగారు వాని తలమీద చేయి వేసి, "ఉమ్మెయ్యడం మానవాకు నాయనా" అనిరి. వాడు నవ్వెను; కండ్లు తుడుచుకొనెను. మేము చెప్పలేని జవాబు అదియే కావచ్చును. అన్నము పెట్టు పనిని ఆమె తిట్టలేదు. దానిని పూర్తిగా దీవింపను లేదు.

ఇంతతో నిలిపినచో ఇది యాత్రాకథ యగును. ఇంకొకటి చెప్పవలసియున్నది. పదేండ్ల క్రిందట మేము పనిచేసిన యొక బడిలో బంట్రోతు త్రాగి వచ్చుచున్నాడని అధికారులకు లేఖ వ్రాసినది మేమే. అతనికి మూడు నెలల జీతము పోయెను. అదే యేడు ఒక పెద్ద యుద్యోగి వీడ్కోలు విందులో సీసాలు తెఱచిరి. మేము త్రాగలేదు, తలనొప్పి యని చెప్పి మౌనముగా లేచివచ్చితిమి. బంట్రోతునకు లేఖ, ఉద్యోగికి తలనొప్పి! మేము వ్రాసిన లేఖలో అబద్ధము లేదు. 'ద్రాక్షతోట' అను మాటలోను లేదు.

నాసిక్‌నుండి వచ్చిన వారమునకు ఆ బంట్రోతు ఇంటికి పోయితిమి. అతడు ఉద్యోగవిరతి పొందియున్నాడు. భార్య కుర్చీ తుడిచి వేసెను. మేము చెప్పవలసినది చెప్పితిమి. అతడు చాలసేపు నేల చూచి, "పోనీండి అయ్యవారూ, నేను తాగిన మాట నిజమే గదా" అనెను. క్షమించుటలో అతడు మాకంటె న్యాయవంతుడయ్యెను. ఆ క్షమ మమ్ము విడిపింపలేదు.

వచ్చు నెలలో మా సహోపాధ్యాయుని యింట గృహప్రవేశము. రాత్రి విందు మేడమీదనట. మేడమీద విందనగా నేమో గృహస్థులైన చదువరులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ తడవ మాకు తలనొప్పి రాదు. ఏమి మాటలాడుదుమో, ఎట్లు మాటలాడుదుమో ఇంకను తెలియకున్నది. మాటలాడకుండ లేచివచ్చుట మాత్రము ఇక మావలన కాదు.