ఏ గుర్రానికి ఏ దూరం?

కేంబ్రిడ్జి చూడబోయిన మనవాళ్ళు కళాశాలలూ, కామ్ నదీ చూసుకుని తిరుగు రైలెక్కుతారు. అక్కడికి తూర్పున 13 మైళ్ళలో న్యూమార్కెట్టు అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో గుర్రాలకు జరిగే మర్యాద మనుషులకు జరగదు. గుర్రాల బారు రోడ్డు దాటుతుంటే కార్లన్నీ ఆగి నిలబడతాయి. మనకు కాలిబాటలున్నట్టే వాటికి వేరే బాటలున్నాయి. రెండున్నర వేలకు పైగా పందెపు గుర్రాలు అక్కడ శిక్షణ పొందుతుంటాయి.

గుర్రప్పందాలనగానే కొంపలు గుల్లచేసే వ్యసనమని మన ఇళ్ళలో ముఖం చిట్లిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. నేను పోయింది పందెం కాయటానికి కాదు. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం పాఠం చెబుతున్నప్పుడల్లా నాకొక కుతూహలం కలిగేది. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి రథానికి బక్కచిక్కిన గుర్రాలను ఏరుకుంటాడు. ఇవి అంత దూరం ఎలా లాగుతాయని రాజు సందేహిస్తాడు. ఒక్క పగటిలో విదర్భ చేరాలి. ఆ దూరానికి తగిన గుర్రాలేవో నలుడికి తెలుసు. అశ్వహృదయం తెలిసినవారు ఈ కాలంలో ఏం చేస్తున్నారో చూద్దామని బయలుదేరాను.

తెల్లవారేసరికి వారెన్ హిల్ అనే పచ్చిక గట్టు దగ్గర నిలబడ్డాను. మంచులోంచి గుర్రాలు ఒకదాని వెనక ఒకటి గట్టెక్కుతూ వచ్చాయి. ముక్కుల్లోంచి ఆవిరి, గిట్టల కింద మెత్తని చప్పుడు. నా పక్కన కంచె నానుకుని ఒక ముసలాయన ఉన్నాడు. వయసులో ఉండగా గుర్రపుశాలల్లో పనిచేశాడట. వీటిలో అన్నిటికన్నా మంచి గుర్రం ఏదని అడిగాను.

“ఎంత దూరానికి?” అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ రెండు మాటల్లోనే ఆ ఊరి విద్య అంతా ఉంది. ఆరు ఫర్లాంగులు మెరుపులా పోయే గుర్రానికి పన్నెండు ఫర్లాంగులకు దమ్ము చాలదు. ఆస్కాట్‌లో రెండున్నర మైళ్ళు గెలిచే గుర్రానికి ఆరు ఫర్లాంగుల్లో ఒళ్ళయినా వేడెక్కదు. అందుచేత గుర్రాన్ని ఏ ఊరు పంపాలో ముందుగా తేల్చేది దాని దమ్మే.

ఇంగ్లండులో మూడేళ్ళ గుర్రాలకు మూడు పెద్ద పందాలు పేరుపడ్డాయి. మే నెల ప్రాంతంలో న్యూమార్కెట్టులో 2000 గినీల పందెం, 8 ఫర్లాంగులు, అంటే ఒక మైలు. జూన్‌లో ఎప్సంలో డెర్బీ, 12 ఫర్లాంగులు. సెప్టెంబరులో ఉత్తరాన డాంకాస్టరులో సెంట్ లెజర్, 14 ఫర్లాంగులకు పైన. మన ముంబై మహాలక్ష్మి మైదానంలో 1,600 మీటర్ల గినీలూ, 2,400 మీటర్ల ఇండియన్ డెర్బీ ఈ కొలతల్లో నడిచేవే. చిత్రమేమిటంటే 1780లో మొదలైనప్పుడు డెర్బీ కూడా ఒక మైలే. 1784లో దాన్ని మైలున్నర చేశారు.

ఈ ముడూ ఒకే ఏట గెలవటం గొప్ప. నిజిన్‌స్కీ అనే గుర్రం 1970లో గెలిచింది. తరవాత 2025 దాకా మరొకటి గెలవలేదు. నిజిన్‌స్కీ సెంట్ లెజర్ గెలిచి, వెంటనే పారిస్ పోయి అక్కడి పెద్ద పందెంలో తలవాసి తేడాతో ఓడింది. ఆ పొడుగు పందెమే దాని సత్తువ పీల్చిందని చాలామంది అన్నారు. పైగా, ఎక్కువ దూరం గెలిచిన గుర్రం మందగొడి పిల్లలను కంటుందని పెంపకందార్లకు ఒక భయం. 2009లో గినీలూ, డెర్బీ రెండూ గెలిచిన సీ ద స్టార్స్‌ను డాంకాస్టరు ముఖం చూడనివ్వలేదు. పది, పన్నెండు ఫర్లాంగుల పందాలకే తిప్పారు.

న్యూమార్కెట్టు రౌలీ మైలు గీత గీసినట్టుంటుంది. మలుపు లేదు. చివర్లో పల్లానికి దిగి, ఆఖరి ఫర్లాంగు ఎగువకు పోతుంది. రెండో చార్లెస్ రాజుకున్న ముద్దుపేరే ఈ బాటకు నిలిచింది. 2011 ఏప్రిల్ 30న ఫ్రాంకెల్ అనే గుర్రం ఇక్కడే గినీల పందెంలో మొదటినుంచీ ముందురికి, ఆరు గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. ఇక డెర్బీయే అనుకున్నారు జనం.

ఫ్రాంకెల్ తండ్రి గెలీలియో 2001లో డెర్బీ గెలిచినవాడు. తల్లి కైండ్ చిన్న దూరాల్లో గెలిచినది. బిడ్డకు వచ్చింది తండ్రి దమ్మా, తల్లి దుడుకా? శిక్షకుడు సర్ హెన్రీ సెసిల్ అప్పటికి నాలుగు గుర్రాలచేత డెర్బీ గెలిపించినవారు. ఆ పందెం విలువ ఆయనకొకరు చెప్పాలా? అయినా ఫ్రాంకెల్‌ను ఎప్సం పంపలేదు. ఆస్కాట్‌లో మైలు పందానికి పంపారు. అక్కడ తొందరపడి ముందే ఉరికి, చివరికి ఒక పొడవైనా లేని తేడాతో బయటపడింది. మైలుకే అంత ఆయాసమైతే మైలున్నరకు ఏమయ్యేదో!

మరుసటి ఏడు గుర్రం నెమ్మదించింది. 2012 ఆగస్టులో యార్క్‌లో పదిన్నర ఫర్లాంగుల దూరానికి తెచ్చారు. ఏడు పొడవుల తేడాతో గెలిచింది. సెసిల్‌గారు అప్పటికే క్యాన్సరుతో చిక్కిపోయి, గొంతు కూడా సరిగా పెగలక, అలాగే వచ్చి చూశారు. అక్టోబరు 20న ఆస్కాట్‌లో పది ఫర్లాంగులు గెలిచి ఫ్రాంకెల్ విరమించింది. 14 పందాలు, 14 గెలుపులు. 2013 జూన్‌లో సెసిల్‌గారు పోయారు.

ఇందులో చూసేవాడికి నష్టం లేకపోలేదు. మైలుకూ, పదికీ, పన్నెండుకూ వేరువేరుగా పెద్ద పందాలున్నప్పుడు మేటి గుర్రాలు తలా ఒక ఊరు పోతాయి, ఒకదానికొకటి ఎదురుపడవు. ఆ గొణుగుడు ముసలాయన నోటా విన్నాను. కాని పది ఫర్లాంగుల గొప్ప పందాలే లేకపోతే, పేరుకోసం ఫ్రాంకెల్‌ను కూడా ఎప్సం కొండ ఎక్కించేవారేమో. గుర్రానికి మూడో ఏడు ఒక్కసారే వస్తుంది. పేరున్న పందెమని తనది కాని దూరానికి తోలితే కాలూ, గుండే దెబ్బతింటాయి. పేరున్న చదువని పిల్లలను తోలే తలిదండ్రులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

2021లో డెర్బీ గెలిచింది అడయార్. ఆ సెప్టెంబరులో సెంట్ లెజర్ గెలిచింది హరికేన్ లేన్. రెండూ న్యూమార్కెట్టులో శిక్షణ పొందినవే. రెండూ ఫ్రాంకెల్ బిడ్డలే. తండ్రి పోని దూరాలకు వాటిని ధైర్యంగా పంపారంటే, ఆ శిక్షకుడు కూడా తన గుర్రాల దమ్ము కొలిచి చూసుకునే ఉంటాడు.