ఇంటి కంప్యూటరునకు రెండవ ప్రతి

చీరాలలో మగ్గమును నమ్ముకొన్న మా యింట నూలు లెక్కలు, చీరల అంచుల నమూనాలు, పెద్దల ఛాయాచిత్రములు నేడొక్క కంప్యూటరులోనే యున్నవి. అది లైనక్సుతో నడచును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగు తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది మొదలు, వాని కొక ప్రతి తీసి వేరొక యింట దాచుట యవసరమని మేము తలచుచున్నాము. అయితే ప్రతి తీయుట యనగా కంటబడిన దెల్ల పెన్‌డ్రైవులోని కెక్కించుట కాదు.

ఫైళ్ల నే వరుసలో, ఏ పేర్లతో, ఎవరి సొత్తుగా నుంచవలయునో నిర్ణయించు కట్టుబాటునకు ఫైల్‌సిస్టమని పేరు. లైనక్సులో సామాన్యముగా వాడునది ఈఎక్స్‌టీ4. యునిక్సు సంప్రదాయమున ఫైళ్లన్నియు నొకే చెట్టు కొమ్మలవలె కనబడును. కాని యే కొమ్మ కా కొమ్మ వేరు ఫైల్‌సిస్టమై యుండవచ్చును. ఒకే ప్రహరిలో వేర్వేరు కప్పులు గల యిండ్ల వంటి దిది. మా పత్రములుండు "హోమ్" అట్లే వేరుగా నున్నది. మొదలునుండి ప్రతి తీయుచు "ఈ ఫైల్‌సిస్టమును దాటవలదు" అని యాజ్ఞ యిచ్చినచో, హోమ్ అను ఖాళీ ఫోల్డరు మాత్రమే చేరును. లోపలి లెక్కలు చేరవు. "ప్రాక్" అనునదో, డిస్కులోని సొత్తే కాదు. నడచుచున్న యంత్రపు స్థితిని చూపు నీడ. దానిని విడువవలెను. "డీఎఫ్" అను ఆజ్ఞ నిచ్చినచో ఏవి వేరుగా నున్నవో తెలియును.

ఇక దాచు పాత్ర సంగతి. అంగడి పెన్‌డ్రైవులు తరచుగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులలో వచ్చును. ఫైలునకు యజమాని యెవరు, చదువుట కెవరి కనుమతి కలదు అను లైనక్సు వివరములును, ఒక ఫైలునుండి వేరొకదానికి దారి చూపు లంకెలును వానిలో నిలువవు. ఫ్యాట్32లో 4 జీబీల పెండ్లి వీడియో యొక్క ఫైలుగా పట్టదు. కావున ఖాళీ డిస్కును ఈఎక్స్‌టీ4గా సిద్ధపరచి, నిర్వాహకాధికారముతో "ఆర్‌సింక్" ఆర్కైవు పద్ధతిలో ప్రతి తీయుట మేలు. అట్లు సిద్ధపరచునపుడు డిస్కులోని పాత సరుకు చెరిగిపోవునని మరువరాదు. లేదా "టార్"తో అన్నిటిని మూటగట్టినచో ఆ వివరములు మూటలోనే యుండును.

ప్రతి తీసితిమని తృప్తిపడక, ఆవకాయ జాడీ మూత తీసి చూచునట్లు నెల కొకసారి అందుండి ఒక లెక్కను, ఒక చిత్రమును వెలికి దీసి తెరచి చూడుడు. ఇంటి తాళపుచెవులు మన యొద్ద నున్నట్లే యీ యెరుకయు మన యొద్ద నుండవలెను.