నేలను నమ్మినవాడు

బాస్కెట్‌బాల్ బుట్ట నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. కనుక ఆ క్రీడ ఆజానుబాహువులదేనని లోకం భావించింది. 1965లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పేద కుటుంబంలో జన్మించిన మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలే. పైకెగసే బంతి పొడగరులది కావచ్చు గాని, నేలను తాకి లేచే బంతి తనదేనని అతడు గ్రహించాడు. వారు వంగేలోపే దానిని చేజిక్కించుకొని సహచరులకు అందించేవాడు.

1987లో చేర్చుకొన్న వాషింగ్టన్ జట్టు ఏడాదికే అతణ్ణి వదులుకొంది. 1988లో కొత్తగా వెలసిన షార్లెట్ హార్నెట్స్ జట్టు అతని నేర్పును ఆదరించింది. ఎన్.బి.ఎ. పోటీలలో 14 సీజన్లు గార్డుగా రాణించి, సహచరుల స్కోరుకు దారితీసిన 6,726 పాసులు అందించాడు. అంతటి పొట్టి ఆటగాడు అక్కడ నేటికీ మరొకడు లేడు. తన కొరత ఎక్కడ బలమవుతుందో ఎరిగినవాడికి అది కొరత కాదు.