ఎక్స్ దొరికితే సరిపోదు

పదో తరగతిలో మమ్మల్ని బాగా ఏడిపించింది జామెట్రీ. ఆ ఏడు మా హాస్టల్లో లెక్కలకు ట్యూటర్ లేరు. రూములో పన్నెండు మందిమి ఉంటే జామెట్రీ బాక్సులు మూడు. వాటిలో అంకెలు చెరగని కోణమాని ఒక్కటే.

అర్ధ సంవత్సర పరీక్షలో ఒక లెక్క వచ్చింది. రెండు సమాంతర రేఖలను ఒక తిర్యగ్రేఖ ఖండిస్తోంది. ఏకాంతర కోణాలు 3ఎక్స్ + 10, 5ఎక్స్ – 30 డిగ్రీలు. ఆ కోణం ఎంత? కొందరం పటం మీద కోణమాని పెట్టి కొలిచి 62 అని రాశాం. కొందరం రెండూ కలిపితే 180 అనుకుని 85, 95 తెచ్చాం. ఇంకొందరం ఎక్స్ 20 అని కనుక్కుని, అదే జవాబని కింద గీత కొట్టాం. పేపర్లు ఇచ్చిన రోజు రూమంతా ఫెయిలే. మాలో ఒకడు "నాకు చదువు రాదురా, మిరప కోతకు పోతా" అని ట్రంకు పెట్టె సర్దేశాడు.

మా హాస్టల్లోనే చదివి డిగ్రీలో చేరిన అన్న ఒకరు ఆ సాయంత్రం మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. సంగతి విని, వరండా గచ్చు మీద సుద్దముక్కతో ఆ పటం గీశారు. "పటాన్ని కొలవకండిరా. అది కొలత ప్రకారం గీసింది కాదు. ముందు ఈ రెండు కోణాలకూ చుట్టరికం ఏమిటో చూడండి" అన్నారు. జెడ్ అక్షరం మూలల్లో ఉంటే రెండూ సమానం. తిర్యగ్రేఖకు ఒకే పక్కన, సమాంతర రేఖల మధ్య ఉంటే మొత్తం 180. ఇవి జెడ్ మూలల్లో ఉన్నాయి. కాబట్టి 3ఎక్స్ + 10 = 5ఎక్స్ – 30. ఎక్స్ విలువ 20. "ఇక్కడ ఆగకండి. అడిగింది ఎక్స్ కాదు, కోణం" అన్నారు. ఒకవైపు 20 పెడితే 70 వచ్చింది. రెండో వైపు పెట్టినా 70 వచ్చింది.

పెట్టె సర్దినవాడు "అయితే రైటో తప్పో మనకే తెలుస్తుందా అన్నా?" అని అడిగాడు. అన్న తలూపారు. అడగడానికి ఎవరూ లేని మాకు ఆ ఒక్క సంగతి కొండంత ధైర్యమిచ్చింది.

త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 ఎందుకో కూడా ఆ రాత్రే తెలిసింది. ఒక శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీస్తే, ఏకాంతర కోణాల వల్ల మూడు కోణాలూ ఒకే సరళరేఖ మీదికి చేరతాయి. సుమారు 2300 ఏళ్ల కిందట యూక్లిడ్ దాన్ని రుజువు చేసిందీ సమాంతర రేఖ సాయంతోనే.

మావాడు పెట్టె విప్పాడు. పబ్లిక్ పరీక్షలో మాతోపాటే గట్టెక్కాడు. తమ్ముళ్లూ, లెక్క చేశాక జవాబును మళ్లీ లెక్కలో పెట్టి చూసుకోండి. దానికి ఎవరి ట్యూషనూ అక్కర్లేదు.