కొరియా సీరియల్‌లో ఒక పాస్టరు



మా సంఘము కొండాపూర్‌లో ఒక కర్రీ పాయింట్ పై అంతస్తులో కూడుకుంటుంది. వచ్చేవారిలో సగానికి పైగా హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే యౌవనస్థులే. హాస్టళ్ళలో ఉండి, అమ్మ చేతి కూర గుర్తొచ్చినప్పుడల్లా క్రింద కర్రీ పాయింట్‌లో కొనుక్కుని వెళ్ళే పిల్లలు. రాత్రి షిఫ్టుల వారున్నారు కనుక ఆరాధన ఆదివారం సాయంత్రం పెట్టుకున్నాము.

ఆ సాయంత్రం కూడా కొందరు కునుకుతారు. కారణం ఆఫీసు కాదు. శుక్రవారం రాత్రి కొరియా సీరియల్ ఒకటి మొదలుపెట్టి, పదహారు భాగాలూ ఆదివారం మధ్యాహ్నానికి ముగించి వస్తారు. ఒకనాడు ప్రసంగంలో ఈ విషయమై గట్టిగానే మాట్లాడాము. కూడిక ముగిశాక ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారండీ, చూడకుండానే తిట్టారు కదండీ. ఒక్కటి చూసి అప్పుడు తిట్టండి. అందులో పాస్టరు గారు కూడా ఉన్నారు" అన్నది. ఆ మాటకు మా శ్రీమతి నవ్వినది. మాకు నవ్వు రాలేదు గాని, మాట మాత్రం తగిలింది.

అలా మేము 'పచింకో' చూచాము. 2022లో ఎనిమిది భాగాలు, 2024లో మరి ఎనిమిది భాగాలు యాపిల్ టీవీ ప్లస్‌లో వచ్చాయి. దీనికి మూలం మిన్ జిన్ లీ అనే రచయిత్రి 2017లో ప్రచురించిన ఆంగ్ల నవల. ఆమె సియోల్‌లో పుట్టి, ఏడేళ్ళప్పుడు తల్లిదండ్రులతో అమెరికా చేరినది. కాలేజీలో ఉండగా 1989లో, జపానులో సేవ చేసే ఒక మిషనరీ ప్రసంగం విన్నది. అక్కడి బడిలో కొరియా సంతతి పిల్లవాడొకడు తోటివారి హేళన భరించలేక ప్రాణం తీసుకున్న సంగతి ఆయన చెప్పాడట. ఆ సంగతి ఆమెను విడువలేదు. మిషనరీ ప్రసంగంలోంచి ఇంత నవల పుట్టినదని తెలిశాక, ఇక చూడకుండా ఉండేందుకు మాకు సాకు దొరకలేదు.

కథ బుసాన్ రేవు దగ్గరి ఒక చిన్న ద్వీపంలో, జపాను పాలన రోజుల్లో మొదలవుతుంది. సుంజా అనే బీదపిల్ల తల్లితో కలిసి పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంది. హన్సు అనే ధనవంతుని వలన గర్భవతి అవుతుంది. అతనికి జపానులో భార్యాపిల్లలున్నారని తరువాత తెలుస్తుంది. అదే సమయంలో ప్యాంగ్‌యాంగ్ నుండి ఇసాక్ అనే యౌవన పాస్టరు ఆ ఇంటికి వస్తాడు. క్షయరోగి. ఒసాకాలోని కొరియా సంఘానికి సేవకుడుగా వెళ్ళుచు దారిలో పడిపోతే తల్లీకూతుళ్ళు సేవ చేసి బ్రతికిస్తారు. సుంజా సంగతి తెలిసి అతడు ఆమెను పెండ్లాడి, పుట్టబోయే బిడ్డకు తన పేరు ఇచ్చి, జపానుకు తీసుకొనిపోతాడు. నవలలో ఇతడు హోషేయ ప్రవక్తను తలచుకుంటాడు.

ఆ కాలపు ప్యాంగ్‌యాంగ్‌కు తూర్పు దేశపు యెరూషలేము అని పేరు. 1907 ఉజ్జీవము గురించి మేము థియాలజీ చదివేటప్పుడు పరీక్షకు బట్టీ పట్టాము. ఆ ఊరి పిల్లవాడొకడు తెర మీద దగ్గుతూ కనిపించేసరికి బట్టీ పట్టినదంతా మనిషి అయిపోయినది.

మా అమ్మ యద్దనపూడి సులోచనారాణి గారి నవలలంటే ప్రాణం పెట్టేది. 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలైనాయి. అవి టీవీలో వచ్చినప్పుడల్లా "పుస్తకంలో ఇలా లేదు" అని చివరి దాకా గొణుగుతూనే చూచేది. ఆ అలవాటు మాకూ వచ్చినట్టుంది. నవల కూడా తెప్పించి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాము. గొణగడం మొదలైనది.

నవల 1910 నుండి 1989 వరకు వరుసగా నడుస్తుంది. సీరియల్ మాత్రం ఆ కాలానికీ 1989కీ మధ్య అటూ ఇటూ దూకుతుంది. మొదటి రెండు భాగాలు మాకు తల తిరిగింది. కొరియా మాటకు పసుపు అక్షరాలు, జపాను మాటకు నీలి అక్షరాలు క్రింద వేస్తారు. అది మంచి ఉపాయము. తన ఇంట్లోనే రెండు భాషల మధ్య నలిగే మనవడు సాలమన్ బాధ ఆ రంగుల్లోనే తెలిసిపోతుంది.

బియ్యం సంగతి చెప్పకుండా ఉండలేము. జపానువారి ఆంక్షల వలన కొరియా పేదలకు తెల్లబియ్యం అందని రోజులవి. కూతురి పెండ్లికి ఒక్క పూట తెల్లన్నం పెట్టాలని తల్లి వర్తకుని బతిమాలి కొన్ని గింజలు తెచ్చుకుంటుంది. కడిగి, వండి, మూత తీస్తుంది. అంతే దృశ్యము. మా నాయనమ్మ ఇంట్లో ఏడాదంతా జొన్న సంకటి, క్రిస్మసునాడు వరి అన్నము. ఆ మూత తీసినప్పుడు మా శ్రీమతి కళ్ళు తుడుచుకున్నది, మేము లేచి మంచినీళ్ళకు వెళ్ళాము. తరువాత ఒసాకా వీధిలో సుంజా కిమ్చీ అమ్ముకుని పిల్లలను సాకుతుంది. మన ఆవకాయ అమ్మిన తల్లులు ఎంతమంది లేరు!

అయితే ఒక్కచోట సీరియల్ మీద మాకు నిజంగా కోపం వచ్చినది. నవలలో ఇసాక్ సంఘమువారిని షింటో గుడి దగ్గర వంగి నమస్కరింపజేస్తారు. ఆ వేళ ఒకడు పెదవులతో ప్రభువు ప్రార్థన చెప్పుకుంటూ పట్టుబడతాడు. వానితో కూడా ఇసాక్‌నూ చెరసాలలో వేస్తారు. ఇది ఊరికే కల్పించినది కాదు. 1938లో కొరియా ప్రెస్బిటేరియన్ మహాసభ ఒత్తిడికి లొంగి గుడి నమస్కారమునకు ఒప్పుకున్నది. ఒప్పుకోని పాస్టర్ జు గి చోల్ 1944లో ప్యాంగ్‌యాంగ్ చెరసాలలో మరణించారు. సీరియల్‌లో ఇదంతా తీసివేసి, కార్మికులతో కలిసి ప్రభుత్వానికి విరోధంగా పనిచేశాడని ఇసాక్‌ను పట్టుకుపోతారు. కార్మికుల పక్షాన నిలబడడం మంచిదే. కాని తలవంచిన తన సంఘమువారితోనే చెరకు పోయిన కాపరి బాధ వేరు. మరోవైపు నవలలో లేని హన్సు యౌవనానికి, 1923 భూకంపానికి ఒక భాగమంతా ఇచ్చారు. ఆ భూకంపం తరువాత కొరియన్లను వెదకి చంపిన ఘోరము చూపించడం అవసరమే. అయినా మోసగించినవానికి అంత జాలి, పాస్టరుకు ఇంత తొందరా అనిపించింది.

ఇది మా వృత్తి పక్షపాతం కావచ్చు.

అసలు చెప్పవలసినది వేరే ఉన్నది. ఇసాక్ సుంజాను పెండ్లి మాట అడిగే చోట మా శ్రీమతి ల్యాప్‌టాప్ ఆపినది. "ఆ అమ్మాయి గుర్తుందా మీకు?" అన్నది.

2019లో, మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చిన ఏడు, మా పాటల బృందంలో పాడే ఒక అమ్మాయి పనిరోజున సెలవు పెట్టి మా ఇంటికి వచ్చినది. నాలుగో నెల. ఆ అబ్బాయి ప్రాజెక్టు మీద విదేశం వెళ్ళి ఫోను ఎత్తడం మానేశాడు. ఆమె మమ్మును అడిగినది ఒకటే. "మా ఊరు వచ్చి, నాన్నగారితో మీరు మాట్లాడతారాండీ? మీరు పక్కన ఉంటే చెప్పగలను" అన్నది. ఇసాక్ చేసినంత పని ఆమె అడగలేదు. ఒక రాత్రి బస్సు ప్రయాణమంత తోడు అడిగినది.

మేము పది నిమిషాలు ప్రార్థన చేశాము. ముందు నీవే ఇంట్లో చెప్పుకోమ్మా అన్నాము. కొంతకాలం పాటలకు రావద్దని, బల్లలో పాలుపంచుకోవద్దని కూడా చెప్పాము. సంఘ పెద్దలకు తెలిస్తే ఏమంటారో అన్న భయమే ఆ మాటలన్నీ అనిపించినది. మా శ్రీమతి టీ తెచ్చేసరికి ఆమె లేచినది. తరువాతి ఆదివారం రాలేదు. దాచుకోకుండా వ్రాస్తున్నాము, ఆనాడు మా మనస్సుకు తేలికగా కూడా అనిపించినది.

సీరియల్ మూడు రోజులు అలాగే ఆపి ఉంచాము. పాత రిజిస్టరులోని నంబరుకు ఫోను చేస్తే వేరెవరో ఎత్తారు. ఆమె ఉన్న మాదాపూర్ హాస్టలు పేరు మారినది, వార్డెన్ మారినది. అప్పటి స్నేహితురాళ్ళలో ఒకామె బెంగుళూరులో ఉన్నదని విని అడిగించాము. ఆమెకూ తెలియదు.

మమ్మును చూడమన్న అమ్మాయి పై వారం మెట్ల దగ్గర కాచుకుని ఉండి, "ఎలా ఉందండీ?" అన్నది. షింటో గుడి సంగతి ఎత్తి పావుగంట గొణిగాము. ఆమె సంబరంగా విన్నది. రెండో సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆ వచ్చిన అమ్మాయి తమ ఇంటికి నెలనెలా ఈ పత్రిక వస్తుందని, వాళ్ళ అమ్మగారు వదలకుండా చదువుతారని ఒకసారి చెప్పినట్టు జ్ఞాపకం. ఊరి పేరు వ్రాయము. మా ఇల్లు మారలేదమ్మా. ఫోను నంబరు కూడా అదే.