కొండ కింద తెలుగు

పొద్దున ఆరున్నరకే నేనూ నా దోస్తూ తమిళనాడులోని మెట్టుపాళయం స్టేషన్‌లో ఉన్నాం. 7.10కి ఊటీ బొమ్మరైలు. మధ్యాహ్నానికి పైకి చేరి, రెండు గంటల బండికి తిరిగి దిగాలని ప్లాన్. మా మాటలు విని ప్లాట్‌ఫాం ఊడుస్తున్న అక్క చీపురు ఆపింది.

"తెలుగా సార్? మేమూ ఇంట్లో తెలుగే."

కాసేపటికి, "ఊర్లో మీరు ఎవురు?" అని అడిగింది. అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతిచోటా నన్ను తరిమిన ప్రశ్న అది. ఒళ్లు బిగుసుకుంది. "మాదిగోళ్లం అక్కా" అన్నాను.

ఆమె నవ్వింది. "అయితే మనోళ్లే. ఈడ మమ్మల్ని అరుంధతియర్ అంటారు. నడూరు గోడ తెలుసా సార్?"

తెలుసు. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున, ఇదే మెట్టుపాళయంలో, ఒక ఇంటి ప్రహరీ వానకు నాని పక్కనున్న అరుంధతియర్ ఇళ్ల మీద కూలింది. సుమారు 20 అడుగుల రాతి గోడ. నిద్రలో ఉన్న 17 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మమ్మల్ని వేరు చేయడానికే కట్టిన గోడ, అది అంటరానితనం గోడ అని అక్కడి జనం అన్నారు. ఆ వార్త నేను తెలుగులోనే చదివాను. చనిపోయినవాళ్లు తెలుగు మాట్లాడే ఇళ్లవాళ్లు కావచ్చన్న ఆలోచనే అప్పుడు రాలేదు.

బండి కూత వేసింది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేసిన దారి. 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్లపట్టీ మొదలవుతుంది, ఇంజను వెనక నుంచి తోస్తుంది. ముందు పెట్టెలో కూర్చున్నవాళ్లకు తోసేది కనపడదు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వం అంది. కూనూరులో టీ తాగాం. ఊటీలో గైడు కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ ఈ ఊరు కట్టాడని చెప్పాడు. అంతకుముందే అక్కడున్న తోడాల గురించి మేం అడిగితే గానీ చెప్పలేదు.

దిగి వస్తుంటే నా క్లాసు గుర్తొచ్చింది. ఏటా దక్షిణాంధ్ర యుగం పాఠం చెబుతాను. తంజావూరు రఘునాథ నాయకుడు, చేమకూర వెంకటకవి, రంగాజమ్మ. తెలుగు దక్షిణాదికి ఎలా వెళ్లిందంటే రాజులతో, కవులతో అని చెబుతాను. ఆ దండుల వెంట చెప్పులు కుట్టినవాళ్లూ, మోటబావులకు తోలు బొక్కెనలు కుట్టినవాళ్లూ వెళ్లారని అరుంధతియర్ పెద్దలు చెప్పుకుంటారు. రాజులు పోయారు. ఆస్థానాలు పోయాయి. బడిలో తమిళం, బయట తమిళం. అయినా ఇన్ని తరాలు ఆ భాష పొయ్యి దగ్గర బతికే ఉంది. పుస్తకంలో ఆ పొయ్యికి ఒక్క పేజీ లేదు. డాక్టరేట్ చేసిన నేనూ ఆ లోటు గమనించలేదు.

సాయంత్రం ఐదున్నర దాటాక బండి దిగాను. అక్క డ్యూటీ అయిపోయింది. పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కులం అడిగితే ఉలిక్కిపడ్డ నేను, పేరు అడగడం మర్చిపోయాను.

ఈ ఏడు దక్షిణాంధ్ర యుగం పాఠం తంజావూరు కోటలో కాదు, మెట్టుపాళయం ప్లాట్‌ఫాం మీద మొదలుపెడతాను. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీలో ఎవరైనా పరిశోధనకు అంశం వెతుకుతుంటే, ముందు ఆ ఇళ్లకు వెళ్లండి. వెళ్లినప్పుడు పేర్లు అడగండి.

జై భీమ్.