మళ్లీ మళ్లీ ఓటడిగిన ఫాదరీ

బిషప్పు వద్దన్న ఫాదరీ చేతికి పిల్లల బళ్లను ఎవరైనా అప్పగిస్తారా? 1888 నవంబరులో లండన్‌లోని హాక్నీ ఓటర్లు అప్పగించారు. ఆయన పేరు స్టీవార్ట్ హెడ్లమ్. అప్పటికి నలభై ఒక్కేళ్లు. పదేళ్ల కిందటే బెత్నల్ గ్రీన్ అనే పేదల పేటలో చర్చి ఉద్యోగం ఊడింది. చేసిన నేరం... నాటకాలూ నాట్యాలూ చూడటం పాపం కాదని ఉపన్యాసం ఇవ్వడం! ఆ తర్వాత తనదంటూ ఒక చర్చి ఆయనకు దక్కనేలేదు.

ఆయన గెలిచింది పెద్ద పదవేం కాదు. స్కూల్ బోర్డు సభ్యత్వం. బళ్లు చాలని చోటల్లా స్థానికులు ఎన్నుకునే బోర్డు ఉండాలని 1870 నాటి విద్యాచట్టం చెప్పింది. బడి కట్టించడం, టీచర్లను పెట్టుకోవడం, ఖర్చుకు స్థానిక పన్ను తేవడం బోర్డు పని. సభ్యులకు జీతం లేదు. మూడేళ్లకోసారి ఎన్నిక. పార్లమెంటుకు ఓటేసే హక్కులేని ఆడవాళ్లు కూడా ఇక్కడ పోటీ చెయ్యొచ్చు. తమ పేరున ఇంటి పన్ను కడుతుంటే ఓటూ వెయ్యొచ్చు.

ఇంకో విశేషం ఉంది. నియోజకవర్గంలో ఎన్ని సీట్లుంటే ఓటరుకు అన్ని ఓట్లు. అన్నీ ఒక్కరికే వేసినా చెల్లుతుంది. కాబట్టి ఊరందరికీ నచ్చక్కర్లేదు. కొందరికి గట్టిగా నచ్చితే చాలు. హెడ్లమ్ లాంటి మనిషికి ఇది కలిసొచ్చింది.

ఒకే ఏడు పుట్టి... ఒకే రోజు గెలిచి

అదే ఎన్నికలో టవర్ హామ్లెట్స్ నుంచి ఒకావిడ పదిహేను వేలకు పైగా ఓట్లతో మొదటి స్థానంలో నిలిచారు. ఆవిడ ఎవరో కాదు... అనీబిసెంట్. తర్వాతి కాలంలో మన మదనపల్లెకు కాలేజీ ఇచ్చిన మనిషి. ఆ వేసవిలోనే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిల సమ్మెకు అండగా నిలిచి ఊరంతా ఎరిగిన మనిషయ్యారు. ఎర్ర రిబ్బను కట్టుకుని, ఆకలితో పిల్లలు బడికి రాకూడదంటూ ప్రచారం చేశారు. పదేళ్ల ముందు, 1878లో, నాస్తికురాలన్న కారణం కూడా చూపి కోర్టు ఆవిడ కూతుర్ని తండ్రికి అప్పగించింది. ఇప్పుడు లండన్ పిల్లలందరి బాగోగుల్లో ఆవిడకు భాగం దొరికింది.

హెడ్లమ్, బిసెంట్ ఇద్దరూ 1847లోనే పుట్టారు. చర్చి లేని ఫాదరీ, బిడ్డ దక్కని తల్లి బోర్డులో ఒక జట్టయ్యారు.

అప్పట్లో బోర్డు బడికీ ఫీజుండేది. చట్టం ప్రకారం వారానికి తొమ్మిది పెన్నీల దాకా తీసుకోవచ్చు. పిల్లల్లో చాలామంది ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లు. 1889లో బోర్డు విచారిస్తే అలాంటివాళ్లు దాదాపు 44 వేలమంది తేలారు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు! దాంతో ఎవరికి వారుగా భోజనం పెడుతున్న ధర్మసంస్థలు చేతులు కలిపాయి. బోర్డు కాంట్రాక్టులు తీసుకునేవాళ్లు కూలీలకు న్యాయమైన వేతనం ఇచ్చి తీరాలని అదే ఏడు తీర్మానం చేయించగలిగారు. ఉచిత విద్య కోసం ఇద్దరూ గొంతెత్తారు. 1891 చట్టంతో చాలా బళ్లలో ఫీజు పోయింది.

ఒకరు వెళ్లిపోయారు... ఒకరు ఉండిపోయారు

1891 నవంబరులో మళ్లీ ఎన్నికలొచ్చాయి. బిసెంట్ మనసు అప్పటికే దివ్యజ్ఞాన సమాజం వైపు మళ్లింది. ఆవిడ పోటీ చెయ్యలేదు. రెండేళ్లకు ఇండియా ఓడెక్కారు. హెడ్లమ్ మాత్రం మళ్లీ గడప గడపకూ వెళ్లారు.

మొదటిసారి ఓటడగడానికి ఆవేశం చాలు. రెండోసారి లెక్క చెప్పాలి. ఈసారి లెక్కలో పియానోలున్నాయి! బోర్డు బళ్లకు పియానోలు కొనాలనగానే, మా పన్నుతో కూలివాళ్ల పిల్లలకు సంగీతమా అని గగ్గోలు లేచింది. హెడ్లమ్ వెనక్కి తగ్గలేదు. పేద పిల్లలకు పాట ఎందుకు అక్కర్లేదన్నది ఆయన వాదం. ఆ ఎన్నికలో పొదుపు పాట పాడినవాళ్లదే పైచేయి. అయినా ఆయన గెలిచారు. 1894లోనూ గెలిచారు.

అసలు పరీక్ష 1895లో వచ్చింది. నాటక రచయిత ఆస్కార్ వైల్డ్ స్వలింగ సంబంధాల కేసులో అరెస్టయ్యారు. స్నేహితులు మొహం చాటేశారు. జామీను ఉండేవాళ్లు కరువైతే, పెద్దగా పరిచయం కూడా లేని హెడ్లమ్ ముందుకొచ్చారు. వైల్డ్ నడవడికి కాదు, విచారణకు వస్తాడన్న మాటకే తన పూచీ అన్నారు. వింటే కదా! ఇంటిమీద రాళ్లేస్తామని జనం బెదిరించారు. పనిమనిషి మానేసింది. తోటి సంస్కర్తల్లోనే కొందరు దూరం జరిగారు. 1897 మేలో వైల్డ్ జైలు నుంచి విడుదలైన ఉదయం తీసుకెళ్లిందీ హెడ్లమ్ ఇంటికే. సరిగ్గా ఆర్నెల్లకు బోర్డు ఎన్నిక!

పిల్లల బడి విషయం. ఎదుటివాళ్లు ఏమైనా అనొచ్చు. ఓటర్లు మాత్రం హెడ్లమ్‌ను మళ్లీ పంపారు. బడిలో ఆయన చేసిన పని తొమ్మిదేళ్లుగా వాళ్ల కళ్లముందే ఉంది.

ఆ విడతలో రాత్రి బళ్ల బాధ్యత ఆయన చేతికొచ్చింది. పగలంతా పనిచేసిన కుర్రాళ్లూ పెద్దవాళ్లూ చదువుకునే బళ్లవి. 1898లో వాటి ఫీజు ఎత్తేశారు. జనం కదిలొచ్చారు. అంతలో బోర్డు లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్ కాకర్టన్ అభ్యంతరం పెట్టారు. పెద్దవాళ్ల చదువుకూ, ప్రాథమిక స్థాయి దాటిన చదువుకూ స్థానిక పన్ను వాడకూడదని 1901లో కోర్టు తేల్చింది. ఏళ్ల కష్టం చట్టవిరుద్ధమైపోయింది! 1904లో లండన్ స్కూల్ బోర్డే రద్దయింది. అప్పటిదాకా హెడ్లమ్ సభ్యుడే. బళ్లు లండన్ కౌంటీ కౌన్సిల్ కిందికి పోతే, 1907లో ఆ కౌన్సిల్‌కు గెలిచి వచ్చారు. 1924లో కన్నుమూసే నాటికీ అందులోనే ఉన్నారు.

బిసెంట్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. హెడ్లమ్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఒకరిది నిప్పు రాజేసిన పుణ్యం. ఇంకొకరిది ఆరకుండా కాపాడిన ఓపిక. బడికి రెండూ కావాలి. బడిపిల్లలకు తిండి పెట్టేందుకు పన్ను వాడొచ్చని ఇంగ్లండులో చట్టం వచ్చింది 1906లో... ఆకలి లెక్క తేలిన పదిహేడేళ్లకు! మన ఉమ్మడి రాష్ట్రంలో బళ్లలో వండి వడ్డించడం 2003 జనవరిలో మొదలైంది.

ఇప్పుడు మన సర్కారు బళ్లకూ యాజమాన్య కమిటీలున్నాయి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. జీతం లేదు, కుర్చీకి హంగూ లేదు. అన్నంలో పురుగుందా, నీళ్లొస్తున్నాయా, టీచరు వచ్చారా అని రోజూ చూసే ఓపికే అర్హత. ఆ ఓపిక ఉన్న అమ్మో నాన్నో కిందటిసారి చేసిన పని చెప్పి మళ్లీ నిలబడతామంటే... ఆ రోజు కాస్త తీరిక చేసుకుని బడిదాకా వెళ్లడం మిగతావాళ్ల వంతు.